షుగర్ ఉన్న బాపుకు పండ్ల కేక్: చక్కెర ఒక్కటి తీసేస్తే సరిపోతుందా?

కరీంనగర్ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి బాపుకు 64 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు, ఇన్సులిన్ లేదు. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. వచ్చే నెల ఆయన పుట్టినరోజుకు చక్కెర లేకుండా, పండ్లతో, ఇంట్లో ఉన్న చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్)లోనే కేక్ చేయాలని వారి కోరిక. చక్కెరకు బదులు ఖర్జూరం వేయాలా, బెల్లమా, తేనెనా, లేక మందుల దుకాణంలో దొరికే తీపి పొడినా? ఏ పండ్లు మంచివి, అరటిపండు వేస్తే ప్రమాదమా? పైన క్రీమ్ పెట్టవచ్చా?

చేయవచ్చు. మీ బాపు ఒక ముక్క నిశ్చింతగా తినగలిగే కేక్ మీ ఓటీజీలోనే వస్తుంది. కానీ ఖర్జూరం, బెల్లం, తేనె మూడూ వద్దు. పండ్లలో జామ, ఆపిల్ తీసుకోండి. తీపి చాలదనిపిస్తే స్టీవియా అనే మొక్క ఆకుల నుంచి తీసిన తీపి పొడి కొద్దిగా వేయండి. అన్నిటికంటే ముఖ్యంగా చక్కెర సంగతి చూసే ముందు పిండి సంగతి చూడండి. మైదానూ గోధుమపిండినీ పక్కన పెట్టి బాదం పొడి, శనగపిండి వాడండి. ఈ మాట ఎందుకు అంటున్నానో కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే నేను కూడా తప్పు చేసిన తరువాతనే నేర్చుకున్నాను.

నేను డాక్టరును కాను. హనుమకొండలో ఇంటి దగ్గరే పదకొండేళ్లుగా కేకులు చేసి ఇస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ఆర్డర్లలో ఇప్పుడు మూడో వంతు షుగర్ ఉన్నవారి కోసమే. మా అత్తమ్మకు షుగర్ ఉండటం వల్ల మొదట ఇంట్లో మొదలైన పని ఇది. తొలి ఏడాది ఆమె కోసం గోధుమపిండి, ఖర్జూరంతో కేక్ చేశాను. చక్కెర ఒక్క పలుకు కూడా వేయలేదు. ఆమె సంతోషంగా రెండు ముక్కలు తిన్నది. తినకముందు గ్లూకోమీటర్‌లో 138 ఉన్నది రెండు గంటల తరువాత 274 చూపించింది. ఆమె ఆ మీటరును నా ముందు పెట్టి, "చక్కెర ఎయ్యలేదంటివి గద బిడ్డా, మరి ఇదేంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కాగితం తీసుకొని లెక్క వేసినప్పుడు జవాబు దొరికింది.

ఆ లెక్క మీరు కూడా ఒకసారి చూడండి. మామూలు పద్ధతిలో పది ముక్కల కేక్‌కు 200 గ్రాముల మైదా, 200 గ్రాముల చక్కెర పడుతుంది. మైదాలో వంద గ్రాములకు సుమారు 75 గ్రాములు పిండిపదార్థమే, అది ఒంట్లో చక్కెరగానే మారుతుంది కాబట్టి మైదా వల్ల 150, చక్కెర వల్ల 200, మొత్తం 350 గ్రాములు. అంటే ముక్కకు 35 గ్రాములు. ఇక నా ఖర్జూరం కేక్‌లో 200 గ్రాముల గోధుమపిండి వల్ల సుమారు 140, పావుకిలో ఖర్జూరం వల్ల సుమారు 185 గ్రాములు వచ్చాయి. మొత్తం 325, ముక్కకు 32 పైచిలుకు. చక్కెర వేయలేదని నేను మురిసిపోయిన కేక్‌కూ చక్కెర కేక్‌కూ తేడా ముక్కకు మూడు గ్రాములైనా లేదు. పైగా "షుగర్ లేదు కదా" అన్న ధైర్యంతో ఆమె రెండు ముక్కలు తిన్నది. ఖర్జూరంలో పీచు, కొన్ని ఖనిజాలు ఉన్న మాట నిజమే కానీ, ఎండి నీరు పోయిన పండులో తీపి చిక్కబడి ఉంటుంది. కిస్‌మిస్, అంజీర్ సంగతి కూడా అంతే.

బెల్లం, తేనె గురించి ఎక్కువ చెప్పను. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు మనం నిలువెత్తు బంగారం అని సమర్పించేది బెల్లమే. ఆ గౌరవం దానికి ఉండవలసిందే. కానీ రక్తంలోకి చేరాక బెల్లానికీ చక్కెరకూ తేడా దాదాపు లేదు. తేనె కూడా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసిన తీపి రసమే. ఆదిలాబాద్ వైపు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఇప్పుడు పేరు తెచ్చుకున్నాయి, వాటిని పొడి చేసి కేక్‌లో కలపవచ్చా అని నన్ను ఇద్దరు అడిగారు. ఇప్పపువ్వు మంచి ఆహారమే, కానీ ఎండిన పువ్వులో తీపి చాలా ఎక్కువ. షుగర్ ఉన్నవారి కేక్‌కు అది తగదు.

ఇప్పుడు పిండి మాట. షుగర్ ఉన్నవారి ఇళ్లలో నేను తరచుగా చూసేది ఒకటే: పండును చూసి భయపడతారు, పిండిని చూసి భయపడరు. అరటిపండు గురించి మీరు అడిగారు కనుక అదే తీసుకుందాం. మూడు మధ్యరకం అరటిపండ్లలో సుమారు 80 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, పది ముక్కలకు పంచితే ముక్కకు 8. అదే కేక్‌లో వేసే 200 గ్రాముల గోధుమపిండి ముక్కకు 14 గ్రాములు ఇస్తుంది. నింద అరటిపండుకు వస్తుంది, ఎక్కువ పని చేసేది గోధుమపిండి. అయినా మీకు అరటిపండు వద్దనే చెబుతాను, దానికి కారణం వేరు: కేక్‌కు పనికొచ్చేది తొక్క మీద నల్ల మచ్చలు పడ్డ బాగా మాగిన పండు, మాగేకొద్దీ అందులోని పిండి చక్కెరగా మారుతుంది. షుగర్ ఉన్నవారికి కొద్దిగా పచ్చిగా ఉన్న పండు మేలు, కేక్‌కు అది పనికిరాదు.

మైదాకు బదులు గోధుమపిండి వేస్తే పీచు కొంత పెరుగుతుంది తప్ప పిండిపదార్థం పెద్దగా తగ్గదు. జొన్నపిండి, రాగిపిండి విషయంలో కూడా ఇదే జరుగుతుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత మన దగ్గర ప్రతి బేకరీలో మిల్లెట్ కేక్ కనిపిస్తున్నది. జొన్న రొట్టె తిని పెరిగిన మనకు ఆ పేరు వినగానే నమ్మకం కలుగుతుంది. కానీ జొన్నపిండిలో కూడా వందకు 70 గ్రాముల వరకు పిండిపదార్థమే ఉంటుంది; మెత్తగా పట్టించి బెల్లంతో కలిపి కాల్చినప్పుడు రొట్టెకు ఉన్న గుణం కేక్‌కు ఉండదు. బాదం పొడి లెక్క వేరు. అందులో అరగని పీచు తీసివేయగా వందకు 10 గ్రాముల లోపే పిండిపదార్థం మిగులుతుంది. శనగపిండిలో పిండిపదార్థం 58 గ్రాముల దాకా ఉన్నా, 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కేక్‌ను పట్టి ఉంచే గుణం కూడా ఉంటుంది. బాదం ఒక్కటే వేస్తే కేక్ విరిగిపోతుంది, అందుకని రెండూ కలుపుతాను.

మీ కోసం నేను ఎక్కువగా చేసే జామ బాదం కేక్ చెబుతాను. ఏడు అంగుళాల గుండ్రటి గిన్నెకు ఈ కొలత సరిపోతుంది.

జామపండ్లు 400 గ్రాములు తీసుకోండి. పసుపు రంగు తిరిగి, వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోయేవి కావాలి. లోపల ఎర్రగా ఉండే రకం దొరికితే కేక్ రంగు బాగుంటుంది. చలికాలంలో ములుగు రోడ్డు పక్కన బండ్ల మీద ఇవి గుట్టలుగా ఉంటాయి, నేను అక్కడే కొంటాను. ముక్కలు కోసి, చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు చెంచాల నీళ్లు వేసి మెత్తగా ఉడికించి, జల్లెడలో గరిటెతో రుద్ది గింజలు తీసేయండి. గింజలు తీసిన గుజ్జును మళ్లీ సన్నని మంట మీద పెట్టి, గరిటెతో గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు పూడకుండా నిలిచే దాకా దగ్గరకు రానివ్వాలి. చివరకు దాదాపు 200 గ్రాములు మిగులుతుంది. ఈ పనిలో తొందరపడితే కేక్ మధ్యలో పచ్చిగా ముద్దలా ఉండిపోతుంది. నా తొలి నాలుగైదు జామ కేకులు అలాగే పాడయ్యాయి, తప్పు ఓవెన్‌ది అనుకొని దాన్ని బాగు చేయించడానికి కూడా పంపాను.

శనగపిండి 50 గ్రాములు కమ్మని వాసన వచ్చేదాకా పొడిగా వేయించి పూర్తిగా చల్లార్చండి. వేయించకపోతే కేక్‌లో పచ్చి వాసన మిగిలిపోతుంది. బాదం 150 గ్రాములు మిక్సీలో ఆపి ఆపి తిప్పుతూ పొడి చేయండి, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. బాదం ఖర్చు ఎక్కువనుకుంటే సగం తీసి, వేయించి పొట్టు తీసిన పల్లీలు వేయవచ్చు. రుచి కొంచెం పల్లిపట్టీలా ఉంటుంది, మా ఇంట్లో పెద్దవారికి అదే ఇష్టం. ఈ రెండు పొడులలో ఒక చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, అర చెంచా యాలకుల పొడి కలిపి జల్లించండి.

మూడు గుడ్ల పచ్చసొనలు, 50 గ్రాముల పుల్లని పెరుగు, 40 మిల్లీలీటర్ల పల్లి నూనె, జామ గుజ్జు కలపండి. నెయ్యి, వెన్న వాడవద్దని చెప్పడానికి కారణం మీ బాపు స్టెంటే. మామూలుగా అయితే నేను నెయ్యి వాడతాను. గుడ్ల తెల్లసొనను విడిగా రెండు నిమ్మరసం చుక్కలు వేసి గిలక్కొట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మామూలు కేక్‌లో ఆ నురుగును నిలబెట్టేది చక్కెర. చక్కెర లేని నురుగు త్వరగా గట్టిపడి, ఇంకాస్త కొడితే పలుకులు పలుకులుగా విరిగి నీళ్లు వదులుతుంది. గిలక్కొట్టే బీటర్‌ను పైకి ఎత్తితే నురుగు కొస మెల్లగా వంగిపోయే దశలోనే ఆపేయండి. పొడులను పచ్చసొనల మిశ్రమంలో కలిపి, ఆ తరువాత నురుగును మూడు విడతలుగా, కిందినుంచి పైకి తిప్పుతూ కలపండి.

ఓటీజీని 165 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, మధ్య అరలో 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. చిన్న ఓటీజీలో పైకడ్డీ కేక్‌కు దగ్గరగా ఉంటుంది, బాదం త్వరగా మాడుతుంది. ముప్పై నిమిషాలు దాటాక పైన అల్యూమినియం కాగితం కప్పండి. రంగును చూసి ఉడికిందా లేదా అని నిర్ణయించవద్దు. మనకు అలవాటైన ఆ ముదురు బంగారు రంగు చక్కెర వల్ల వచ్చేది. రంగు రాలేదని ఇంకో పావుగంట ఉంచితే కేక్ ఎండిపోతుంది. పుల్ల గుచ్చి చూడండి, తడి అంటకపోతే తీసేయండి. గిన్నెలోనే పూర్తిగా చల్లారనిచ్చి ఆ తరువాతే కోయాలి, వేడి మీద ముట్టుకుంటే పొడి పొడి అవుతుంది.

ఈ కేక్ లెక్క చూద్దాం. పీచు తీసివేయగా జామ వల్ల 27, బాదం వల్ల 14, శనగపిండి వల్ల 24, గుడ్లు, పెరుగు కలిసి నాలుగు గ్రాములు. మొత్తం 70 గ్రాముల లోపు, పది ముక్కలు చేస్తే ముక్కకు ఏడు. ఖర్జూరం కేక్‌లో నాలుగో వంతు కూడా కాదు. మా అత్తమ్మ దీన్ని తిన్న రోజు రెండు గంటల తరువాత అంకె తినకముందు ఉన్నదానికంటే సుమారు 20 ఎక్కువ చూపించింది, అంతే. ఒకరి ఒంట్లో జరిగినట్లు మరొకరి ఒంట్లో జరగదు కాబట్టి మీ బాపుది మీరే చూడాలి.

తీపి మాటకు వస్తాను. జామ, యాలకులు, చిటికెడు ఉప్పు కలిసి ఇచ్చే తీపి కేక్ తిన్న తృప్తికి సగం దూరం తీసుకుపోతుంది. మిగతా సగానికి స్టీవియా వాడండి. ఈ ఆకు సారాన్ని మన ఆహార భద్రత సంస్థ 2015లో అనుమతించింది. పొట్లం మీద ఎంత చక్కెరకు ఎంత సమానమో రాసి ఉంటుంది. 50 గ్రాముల చక్కెరకు సమానమైనంత మాత్రమే వేయండి. ఎక్కువైతే చివరకు నాలుక మీద చేదు మిగులుతుంది. పొట్లం వెనుక మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటే దాన్ని పక్కన పెట్టండి, అది రక్తంలో చక్కెరను వేగంగా పెంచే నింపుడు పొడి. సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పొడి చక్కెర కంటే దాదాపు 600 రెట్లు తీపి. టీలో వేసుకుంటే ఇబ్బంది లేదు కానీ, ఓవెన్ వేడిలో అది విరిగి హానికర పదార్థాలు ఏర్పడవచ్చని జర్మనీ ప్రభుత్వ ఆహార భద్రత సంస్థ 2019లో హెచ్చరించింది కాబట్టి కాల్చే వంటకాలకు నేను దాన్ని మానేశాను. ఆస్పార్టేమ్ అనే మరో కృత్రిమ తీపి పొడి వేడికి తీపి కోల్పోతుంది, ఓవెన్‌లో పెట్టడం దండగ.

ఎరిత్రిటాల్ అనే పొడి చక్కెరలా కనిపిస్తుంది, చక్కెరకు 70 శాతం తీపి, నోట్లో చల్లగా తగులుతుంది, కాల్చడానికి నిజంగా బాగా పనికొస్తుంది. అయినా మీకు వద్దంటాను. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. ఒకదాని వెంట మరొకటి కనిపించినంత మాత్రాన అదే కారణమని తేలినట్లు కాదు, కానీ స్టెంట్ ఉన్న మనిషికి స్టీవియా దొరుకుతుండగా ఆ సందేహం ఎందుకు? అదే 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి స్టీవియా, సుక్రలోజ్ వంటి తీపి పొడులు వాడవద్దని సూచించింది. ఆ వార్త చూసి నాకు చాలామంది కంగారుగా ఫోన్ చేశారు. ఇప్పటికే షుగర్ ఉన్నవారికి ఆ సూచన వర్తించదని ఆ పత్రంలోనే ఉన్నది.

దుకాణాల్లో "షుగర్ ఫ్రీ" అని రాసి ఉండే చాక్లెట్లు, బిస్కెట్లలో మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఉన్నదేమో వెనుక చదవండి. అది చక్కెరలో సగం వరకైనా రక్తంలోకి చేరుతుంది, ఎక్కువ తింటే కడుపు కూడా పాడవుతుంది.

ఇతర పండ్ల గురించి కొంత. ఆపిల్‌కు కేక్ కూడా అవసరం లేదు. మధ్యలో గింజల భాగం తొలిచి, అందులో దంచిన అక్రోట్లు లేదా పల్లీలు, దాల్చినచెక్క పొడి నింపి, తొక్కతో సహా 180 డిగ్రీల దగ్గర అరగంట పెడితే చెంచాతో తినేంత మెత్తగా అవుతుంది. 150 గ్రాముల పండులో 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, సగం పండు ఒకరికి చాలు. దాల్చినచెక్క షుగర్ తగ్గిస్తుందని గుప్పెళ్లతో వేయకండి. మన దగ్గర దొరికే రకంలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది, రోజూ ఎక్కువ తింటే కాలేయానికి మంచిది కాదు.

సీతాఫలాన్ని మాత్రం ఓవెన్ దరికి రానీయకండి. ఒక దసరాకు, బతుకమ్మ పండుగ రోజుల్లో, రెండు కిలోల సీతాఫలం గుజ్జు తీసి, గుడ్లు కలిపి, నీళ్ల పళ్లెంలో పెట్టి కాల్చాను. పైకి చూడటానికి ముచ్చటగా వచ్చింది. నోట్లో పెట్టుకుంటే వేపాకు. వేడి తగిలితే సీతాఫలం గుజ్జు చేదెక్కుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. గింజలు తీయడానికి పట్టిన మూడు గంటలను తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అయినా అది షుగర్ ఉన్నవారికి రెండు చెంచాలకు మించి పెట్టదగిన పండు కాదు.

వేసవిలో అయితే జగిత్యాల మామిడి గుర్తుకు వస్తుంది, మానుకోవడం కష్టం. దానికి నా పద్ధతి: 400 గ్రాముల గట్టి పెరుగును గుడ్డలో కట్టి నీరు వడకట్టి, ఒక గుడ్డు, 100 గ్రాముల మామిడి గుజ్జు కలిపి, నాలుగు చిన్న గిన్నెల్లో పోసి, వేడి నీళ్ల పళ్లెంలో పెట్టి, 150 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతాను. మామిడి వల్ల గిన్నెకు నాలుగు గ్రాముల చక్కెరే వస్తుంది, వాసన మాత్రం మామిడిపండు తిన్నట్టే ఉంటుంది.

ఇక పుట్టినరోజు నాటి జాగ్రత్తలు. కేక్‌ను ఖాళీ కడుపున కోయించకండి. భోజనం చివర, పప్పు, కూర తిన్న తరువాత పెట్టండి, ఆ పూట అన్నం కొంత తగ్గించండి. కప్పు అన్నంలో 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి ఒక గరిటె తగ్గినా ఈ కేక్ ముక్కకు చోటు దొరుకుతుంది. తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడండి. 180 దాటకపోతే సాధారణంగా సరే అంటారు, మీ బాపుకు డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించండి. వేలు గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగించండి. ఒకసారి మా అత్తమ్మకు 340 చూపించి ఇల్లంతా గగ్గోలు అయింది. అంతకు ముందే ఆమె మనవడికి మామిడిపండు కోసి పెట్టింది. చేతులు కడిగి మళ్లీ చూస్తే 162. వేలికి అంటిన పండు రసాన్ని కూడా మీటరు రక్తంలోని చక్కెరగానే లెక్కిస్తుంది.

రెండో జాగ్రత్త దీనికి ఎదురు దిక్కున ఉంటుంది, చాలామంది ఆలోచించరు. మీ బాపు వాడే మాత్రల్లో రక్తంలో చక్కెరను బాగా తగ్గించే గ్లిమెపిరైడ్ వంటిది ఉంటే, అది వేసుకొని అన్నం మానేసి ఈ కేక్ ఒక్కటే తింటే చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపించి అంకె 70 కంటే తక్కువ ఉంటే ఈ కేక్ ఆదుకోదు. అందులో చక్కెర లేదు కదా. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. మాత్రల చీటీలో వోగ్లిబోస్ లేదా అకార్బోస్ అని ఉంటే పంచదార నీళ్లు వేగంగా పనిచేయవు, గ్లూకోజ్ పొడే కావాలి, ఎందుకంటే ఆ మందులు పంచదార కడుపులో విడిపోవడాన్ని ఆలస్యం చేస్తాయి. గ్లూకోజ్ పొట్లం ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉంచండి. మూత్రపిండాల సమస్య కూడా ఉన్నట్లయితే బాదం, పండ్ల మోతాదు డాక్టరును అడిగిన తరువాతనే ఈ కేక్ చేయండి.

క్రీమ్ గురించి అడిగారు. బేకరీల్లో వాడే విప్పింగ్ క్రీమ్‌లో చాలావరకు చక్కెర, గట్టిపరిచిన కొవ్వు ఉంటాయి. షుగర్‌కూ స్టెంట్‌కూ రెండింటికీ పడదు. రాత్రంతా గుడ్డలో వేలాడదీసిన పెరుగును వెనిల్లా, కొద్దిగా స్టీవియాతో గిలక్కొట్టి పైన పలుచగా పూయండి, దాని మీద సన్నగా కోసిన జామ ముక్కలు, కొన్ని దానిమ్మ గింజలు చాలు. పెరుగు పూత కోసే ముందు గంటకు మించి బయట ఉండకూడదు, జారిపోతుంది. పుట్టినరోజు ఎండలు ముదిరే నెలలో అయితే అరగంటే అనుకోండి.

కేక్‌ను ఒకరోజు ముందే చేసుకోండి, మరునాటికి జామ వాసన బాగా పడుతుంది. కానీ చక్కెర కేక్‌లా నాలుగు రోజులు బయట నిలవదు, నిలవ ఉంచే గుణం కూడా చక్కెరదే. మొదటి రోజు దాటితే ఫ్రిజ్‌లో, అది కూడా మూడు రోజులు. మిగిలిన ముక్కలను ఒక్కొక్కటిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా బాగుంటాయి. తినడానికి అరగంట ముందు ఒక్కటి మాత్రమే బయటకు తీయండి. డబ్బా మొత్తం బల్ల మీద పెడితే ఏమవుతుందో మా అత్తమ్మను చూసిన నాకు తెలుసు.